రెయిలింగు కడితే చెరువు బతకదు

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో నగర పచ్చదనం గురించి ఒక అభిప్రాయం బలంగా పాతుకుపోయింది. వేదికల మీద నాయకులు అదే చెబుతారు, ఆఫీసుల్లో ఇంజనీర్లు అదే చెబుతారు, పొద్దున్నే చెరువు చుట్టూ నడవడానికి వచ్చే ఉద్యోగస్తులూ అదే ఒప్పుకుంటారు. చెరువుల్ని సుందరీకరించాం, పార్కులు కట్టాం, ఏటేటా మొక్కలు నాటుతున్నాం, ప్రభుత్వం చేయాల్సింది చేస్తూనే ఉంది. ఇక మారాల్సింది జనమే. వాళ్ళకి శుభ్రత పట్టదు, నలుగురి సొత్తు మీద శ్రద్ధ లేదు, అందుకే ఇంత ఖర్చు పెట్టినా ఊరు బాగుపడటం లేదు. ఇదీ ఆ అభిప్రాయం. హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో ఉండేవాళ్ళకి ఇదేమీ కొత్తగా వినిపించదు.

ఇది మొదటి నుంచి చివరి దాకా తప్పని నేనంటాను. రాయ్‌పూర్‌లో నీరూ నీడా నిలిచినంత కాలం నిలిచింది వాటిని రోజూ వాడుకున్న జనం వల్లే. ఆ జనాన్ని గట్టు మీంచి దింపేసి, చుట్టూ రెయిలింగు కట్టి, లోపల ఫౌంటెన్ పెడితే చూడటానికి బాగుంటుంది. చెరువు మాత్రం బాగుపడదు. జనానికి పని, ఆ పనికి డబ్బు, ఆ పని మీద అధికారం ఇచ్చిన చోట ఏం జరుగుతుందో చూడటానికి దూరదేశాలు పోనక్కర్లేదు. అదే రాష్ట్రంలో, ఉత్తరాన, అంబికాపూర్ ఉంది. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ముందు చెరువుల సంగతి. ఛత్తీస్‌గఢ్‌లో పెద్ద ఊళ్ళ గొప్ప చెప్పడానికి 'ఛై ఆగర్ ఛై కోరీ' చెరువులున్నాయంటారు. కోరీ అంటే ఇరవై; ఆరు కోరీలు, పైన ఆరు, వెరసి 126 చెరువులు. అన్ని చెరువులు తవ్వడం వెనక లెక్క ఉంది. అక్కడ ఏడాదికి 1200 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది గాని, దాదాపు అంతా నాలుగు నెలల్లోనే పడిపోతుంది. మేలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కురిసిన నాలుగు నెలల నీటిని మిగతా ఎనిమిది నెలలకి దాచుకోవాలంటే పేటకొక చెరువు కావాలి. స్నానాలకొకటి, పశువులకొకటి, తాగడానికొకటి అని విడివిడిగా ఉండేవి. రోజువారీ అవసరాలకు వాడుకునే చెరువుని అక్కడ నిస్తారీ తాలాబ్ అంటారు. బూఢా తాలాబ్, మహారాజ్‌బంధ్, తేలీబాంధా, కంకాలీ తాలాబ్, రాజాతాలాబ్, ఖోఖో తాలాబ్ పేర్లు ఆ ఊళ్ళో కొన్నాళ్ళున్నవాళ్ళకి కూడా నోటికొస్తాయి. కొత్త చెరువు తవ్వితే దానికి పెళ్ళి చేసే ఆచారం కూడా ఉంది. నడిమధ్యలో కొయ్య స్తంభం పాతి, ఊరంతా కలిసి పెళ్ళి జరిపిస్తారు. ఆ పెళ్ళి అయ్యాకే ఆ నీళ్ళు వాడకానికి పనికొస్తాయని నమ్మకం.

ఇదంతా మనకి పరాయి సంగతి కాదు. 1931లో పార్వతీపురం మీదుగా విజయనగరం, రాయ్‌పూర్‌ల మధ్య రైలుమార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఎన్నో కుటుంబాలు రైల్వే పనులకీ కూలి పనులకీ ఆ ఊరు చేరాయి. చెరువు గట్టు మీద బతుకు వాళ్ళకి తెలిసినదే. తెలంగాణలో చెరువు నీటి పంపకం చూసే నీరటి ఎవరో ఊరందరికీ తెలిసి ఉండేది. కట్ట తెగితే రాత్రికి రాత్రి ఊరు పారలు పట్టుకుని వెళ్ళేది. నీటి మీద హక్కున్నవాళ్ళే దాన్ని కాపాడే పనీ చేసేవాళ్ళు. ఈ రెంటినీ విడదీసిన రోజునే చెరువుకి చేటు మొదలైంది.

రాయ్‌పూర్‌లో ఏం జరిగిందో చూడండి. రజబంధా తాలాబ్ అని ఒకటుండేది. దాన్ని పూడ్చేశారు. మైదానమయింది, తర్వాత దాని మీద పత్రికాఫీసులు, దుకాణాలు లేచాయి. ఇప్పుడు రజబంధా మైదాన్ అంటేనే తెలుస్తుంది. ఇలా పోయినవి పోగా మిగిలిన వాటిలో పెద్దవాటి మీద సుందరీకరణ కన్ను పడింది. జాతీయ రహదారి పక్కనున్న తేలీబాంధాకి మెరైన్ డ్రైవ్ అని పేరొచ్చింది. బూఢా తాలాబ్‌కి వివేకానంద సరోవర్ అని పేరు మార్చారు. బాల నరేంద్రుడు, అంటే తర్వాతి వివేకానందుడు, 1877 నుంచి రెండేళ్ళ పాటు ఆ చెరువు దగ్గరి పేటలోనే ఉన్నాడు కాబట్టి ఆ గౌరవం తగినదే, నడుమ నిలబెట్టిన విగ్రహమూ చూడదగ్గదే. 2016 మేలో స్మార్ట్ సిటీల జాబితాలో మన వరంగల్‌తో పాటే రాయ్‌పూర్ కూడా చేరింది. ఆ తర్వాత చెరువుల మీద ఖర్చు అంటే నడకదారి, రంగు దీపాలు, పాటకి ఎగిరే నీళ్ళు అనే అర్థం స్థిరపడింది.

నడకదారి మీద నాకేం కోపం లేదు. సాయంత్రం పూట పిల్లల్ని తీసుకుని అక్కడికి వచ్చే కుటుంబాల సంతోషం నిజమైనదే, ఆ చల్లగాలి వాళ్ళ హక్కు. నా తగాదా అంతా, దాన్ని చెరువుని కాపాడటమని చెప్పడంతోనే. ఈ రెండూ వేర్వేరు పనులు, చాలాసార్లు ఒకదానికొకటి అడ్డం కూడా.

ఎందుకంటే చెరువు అంటే నీళ్ళున్న గొయ్యి ఒక్కటే కాదు. పైనుంచి వాన నీరు జారి వచ్చే నేల ఉంటుంది, దాన్ని తెచ్చే వరద కాలువ ఉంటుంది, ఎక్కువైన నీరు పొర్లిపోయే అలుగు ఉంటుంది, ఆ నీరు చేరే కింది చెరువు ఉంటుంది. రోడ్లు, కాలనీలు కట్టి పైనేలని కోసేశాక చెరువులోకి వాన నీరు రావడం తగ్గిపోతుంది. రావడం మానని నీరు ఒక్కటే, ఇళ్ళ మురుగు. సిమెంటు గోడ కట్టాక అది బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది. అప్పుడా నీటిలో భాస్వరం, నత్రజని పేరుకుంటాయి. గుర్రపుడెక్క, నాచు అల్లుకుంటాయి. రాత్రిపూట ప్రాణవాయువు పడిపోతుంది, ఒక తెల్లవారి చేపలు తేలతాయి. ఫౌంటెన్ వల్ల తన చుట్టూ కాసింత నీరు కదులుతుందే తప్ప మురుగు ఆగదు. ఏ చెరువు పనికైనా మొదటి రూపాయి మురుగు కాలువని మళ్ళించడానికో శుద్ధి చేయడానికో పోవాలి, రెండో రూపాయి వరద కాలువ తెరవడానికి పోవాలి. దీపాలు ఆ తర్వాతి మాట. దీపాలు ముందొచ్చిన ప్రతిచోటా తలకిందుల పని జరిగిందని చెప్పక తప్పదు.

గట్టు సంగతి ఇంకా ముఖ్యం. ఛత్తీస్‌గఢీ ఇళ్ళలో కమర్‌ఛఠ్ అని ఒక వ్రతం చేస్తారు. కృష్ణాష్టమికి రెండు రోజుల ముందు, మన లెక్కలో శ్రావణ బహుళ షష్ఠి నాడు, పిల్లల క్షేమం కోరి తల్లులు చేసే వ్రతం అది. వాకిట్లోనో గుడి దగ్గరో రెండు చిన్న గుంటలు తవ్వుతారు. వాటిని సగరీ అంటారు, అంటే బుల్లి చెరువులన్నమాట. నీళ్ళు పోసి, ఒడ్డున రెల్లు పూలు గుచ్చి, చుట్టూ కూర్చుని కథ చెప్పుకుంటారు. ఆ రోజు నాగలి తగిలిన నేలలో పండిందేదీ ముట్టరు. ఎర్రగా, ముతకగా ఉండే పసహర్ బియ్యం వండుకుని, ఆరు రకాల ఆకుకూరలు కలిపి చేసిన కూరతో, గేదె పెరుగుతో తింటారు. ఆ పసహర్‌ని ఎవరూ దున్నరు, విత్తరు. చెరువుల అంచున, నీరు నిలిచే పల్లాల్లో తనంతట తానే మొలుస్తుంది. పేద ఆడవాళ్ళు నీళ్ళలో దిగి ఆ గింజలు రాల్చుకుని, దంచి, బజారుకి తెస్తారు. పండగ ముందు వారం ఆ బియ్యం మామూలు బియ్యానికి ఎన్నో రెట్లు ధర పలుకుతుంది.

ఇప్పుడు ఆ చెరువు అంచుకి నిలువుగా రాతికట్టు కట్టండి. పసహర్ ఎక్కడ మొలవాలి? కర్మత్తా భాజీ, అంటే మన తూటికూర, ఎక్కడ పాకాలి? ఢీమర్, కేవట్ కులస్తులు సింఘాడా, అంటే నీళ్ళలో కాసే కాయ, ఎక్కడ వేయాలి, తామర తూళ్ళు ఎక్కడ తవ్వాలి? నీరూ నేలా కలిసే ఆ బురద అంచు చూసేవాడి కంటికి మురికిగా కనబడుతుంది. నిజానికి చెరువుకి ప్రాణం అక్కడే ఉంది. నీటిని వడగట్టేది ఆ రెల్లూ తుంగా, చేప గుడ్డు పెట్టేది ఆ మొదళ్ళలో, కొంగ నిలబడేది అక్కడ. పూట గడవని మనిషి గంపెడు కూర కోసుకునేదీ అక్కడే. సుందరీకరణ పేరుతో మొదట తీసేసేది దాన్నే. నగరానికి మధ్యలో, ఎవరూ ఖర్చు పెట్టకుండా, తిండీ నీరూ చల్లదనమూ ఇస్తున్న నేలని తీసేసి, బదులుగా కుండీల్లో పూలమొక్కలు పెట్టి, వాటికి ట్యాంకరుతో నీళ్ళు పోయడాన్ని పచ్చదనం అంటున్నాం.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. జనం చెరువులో సబ్బు పెట్టి బట్టలుతుకుతారు, విగ్రహాలు ముంచుతారు, ప్లాస్టిక్ కవర్లతో పూజ పత్రి విసురుతారు, రెయిలింగు లేకపోతే చెరువు ఇంకా పాడవుతుందంటారు. అందులో నిజముంది. సబ్బు పొడుల్లో భాస్వరముంటుంది, రంగులేసిన ప్లాస్టర్ విగ్రహాలు విషమే. అయితే దానికి జవాబు జనాన్ని తోలేయడం ఎందుకవ్వాలి? బట్టలుతకడానికి గట్టుకి ఇవతల బండలు వేసి ఆ నీరు ఇంకుడు గుంటలోకి పోయేలా చేయవచ్చు. ఖారూన్ నది ఒడ్డున మహాదేవ్ ఘాట్ దగ్గర నిమజ్జనాల కోసం రాయ్‌పూర్‌లోనే వేరే కుండం కట్టారు. పండగా ఆగలేదు, విగ్రహాలు నదిలో కలవడమూ తగ్గింది. నది దగ్గర చేయగలిగింది చెరువు దగ్గర చేయలేమా? పైగా వందల ఇళ్ళ మరుగుదొడ్ల నీళ్ళు మోసుకొచ్చే నాలా పగలూ రాత్రీ పోసేదాని ముందు ఉదయం నాలుగు చీరలుతుక్కునే మనిషి పాపమెంత? నాలాని వదిలేసి ఆమె మీద బోర్డు పెట్టడం న్యాయం కాదు, శాస్త్రం కూడా కాదు.

ఇంకో మాట. రోజూ మెట్లు దిగి నీళ్ళలో కాలు పెట్టే మనిషికి నీటి వాసన మారిన రోజే తెలుస్తుంది. ఏ పక్క నుంచి నురగ వస్తోందో, ఏ కాలువ కొత్తగా కలిసిందో, రాత్రి లారీ ఎక్కడ మట్టి పోసిందో ఆమెకే ముందు తెలుస్తుంది. ఇంతకన్నా మంచి కాపలా ఏ కెమెరా చేయలేదు. ఆమె రావడం మానేశాక చెరువు సంగతి మనకి చేపలు తేలాక, పత్రికలో ఫోటో పడ్డాకే తెలుస్తుంది. ఆక్రమణలూ అంతే. ఎవరూ వాడని చెరువుని పూడ్చితే అడగడానికి ఎవరికీ కారణముండదు.

చట్టం కాపాడుతుందనుకుంటే అదీ అంతంతే. చెరువులు సమాజం ఉమ్మడి వనరులని, వాటిని కాపాడితేనే బతికే హక్కుకి అర్థముంటుందని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో చెప్పింది. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. కాని 2017 నాటి చిత్తడినేలల నిబంధనలు తాగునీటికీ సాగుకీ వినోదానికీ మనుషులు ప్రత్యేకంగా తవ్వుకున్న జలాశయాల్ని తమ పరిధి నుంచి తప్పించాయి. రాయ్‌పూర్ చెరువులన్నీ మనుషులు తవ్వినవే. తవ్వినవాళ్ళ వారసుల్ని గట్టు మీంచి దింపేశాక, చట్టం కూడా సగం చేయి వదిలేశాక, ఆ నీటికి దిక్కెవరు?

ఇక పార్కులూ ప్రాణవాయువూ. కలెక్టరేటు దగ్గర పాత ప్రభుత్వ క్వార్టర్లు తీసేసి, దాదాపు 19 ఎకరాల్లో ఆక్సీజోన్ అనే వనం పెంచారు. ఊరి నడిబొడ్డున అంత విలువైన నేలని దుకాణాల సముదాయానికి ఇవ్వకుండా చెట్లకిచ్చారు. అది మంచి పని, మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. దాని చుట్టూ అల్లిన మాట మాత్రం తప్పు. గాలిలో ప్రాణవాయువు దాదాపు 21 శాతం ఉంటుంది, అడవిలోనైనా నడివీధిలోనైనా ఆ వాటాలో తేడా పట్టించుకోదగ్గంత ఉండదు. 19 ఎకరాల చెట్లు దాన్ని పెంచలేవు, పెంచక్కర్లేదు కూడా. చెట్లు నీడనిస్తాయి, నేలని చల్లబరుస్తాయి, పక్షికి కొమ్మనిస్తాయి, అంత చాలు. రాయ్‌పూర్ ఊపిరికి అడ్డం పడుతున్నది ప్రాణవాయువు కొరత కాదు, ధూళి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో విడుదల చేసిన పట్టికలో, అతి సన్నని ధూళి లెక్కన, ఢిల్లీ, పట్నా, గ్వాలియర్‌ల వెంటనే ఉన్న పేరు రాయ్‌పూర్‌దే. ఘనపు మీటరు గాలికి 134 మైక్రోగ్రాములు. మన దేశం పెట్టుకున్న పరిమితి 40. ఆ తర్వాత గాలి మెరుగైందని అధికారులంటారు. ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడల వైపు ఉండే ఇళ్ళ డాబాల మీద పొద్దున్నే వేలితో గీస్తే నల్లటి గీత పడుతుందని అక్కడివాళ్ళు చెప్పే మాట మాత్రం పాతబడలేదు. ఆ నలుపు బొగ్గుతో నడిచే స్పాంజ్ ఐరన్ బట్టీలది. పొగలోని మసిని పట్టే యంత్రాలకి కరెంటు ఖర్చవుతుంది కాబట్టి రాత్రిళ్ళు వాటిని ఆపేస్తారని ఎన్నేళ్ళుగానో ఫిర్యాదులున్నాయి.

మరి డబ్బు ఎటు పోతోంది? జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద రాయ్‌పూర్, భిలాయ్, కోర్బా మూడూ ఉన్నాయి. దేశవ్యాప్తంగా ఆ కార్యక్రమం ఖర్చుని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 2024లో లెక్కగట్టింది. 64 శాతం రోడ్ల దుమ్ము మీద ఖర్చయింది. పరిశ్రమల కాలుష్యం మీద ఖర్చయింది 0.61 శాతం. రోడ్లు ఊడ్చాలి, నీళ్ళు చల్లాలి, కాదనను. అయితే చిమ్నీ ముందు చేతులు కట్టుకుని నిలబడి, బాల్కనీలో తులసి మొక్క పెట్టుకోమని జనానికి చెప్పే వ్యవస్థకి జనాన్ని తప్పుపట్టే అర్హత లేదు.

నవా రాయ్‌పూర్ గురించి ఎక్కువ చెప్పను. పాత ఊరు పాడైందని పాతిక కిలోమీటర్ల అవతల కొత్త రాజధాని కట్టారు. వెడల్పు రోడ్లు, పచ్చిక, 320 హెక్టార్ల జంగిల్ సఫారీ, అన్నీ ఉన్నాయి. ఆ నేల మీద అంతకు ముందు పొలాలూ చెరువులూ ఉన్న ఊళ్ళుండేవి. ఆ 27 ఊళ్ళ రైతులు పరిహారం కోసం, ఇళ్ళ పట్టాల కోసం 2022 జనవరి నుంచి నెలల తరబడి ధర్నాలో కూర్చున్నారు. వాళ్ళ పొలం పచ్చదనం లెక్కలోకి రాలేదు. దాని మీద వేసిన గడ్డి లెక్కలోకి వచ్చింది.

ఇప్పుడు అసలు నిందకి వద్దాం, జనం మారరన్నదానికి. అంబికాపూర్ సర్గుజా కొండల్లోని పట్టణం, 2011 జనాభా లెక్కల్లో లక్షా పదివేల పైచిలుకు. చెత్త బండ్లన్నీ ఊరి బయట కుమ్మరించి వచ్చేవి. 2015లో అక్కడి జిల్లా యంత్రాంగం, వెల్లూరు శ్రీనివాసన్ అనే తమిళ నిపుణుడి పద్ధతి తీసుకుని, చెత్త పనిని స్వయం సహాయక సంఘాల ఆడవాళ్ళకి అప్పగించింది. యంత్రాలు కొనలేదు, చెత్త నుంచి కరెంటు తీస్తామని ప్లాంటు కట్టలేదు. ఎర్ర డబ్బా, ఆకుపచ్చ డబ్బా ఉన్న తొక్కుడు రిక్షాలిచ్చింది, పేటల్లో షెడ్లు వేసింది. ఆడవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి తడీ పొడీ వేర్వేరుగా తీసుకుంటారు. షెడ్డుకి తెచ్చాక మళ్ళీ ఏరతారు: అట్టలు వేరు, పాల కవర్లు వేరు, గట్టి ప్లాస్టిక్ వేరు, రేకు వేరు, గాజు వేరు. ఒక్కో రకానికి ఒక్కో ధర ఉంటుందని, కలిపేస్తే చిల్లిగవ్వ రాదని వాళ్ళకి తెలుసు. తడి చెత్త ఎరువవుతుంది. అమ్మకం డబ్బూ ఇళ్ళవాళ్ళు నెలనెలా కట్టే రుసుమూ కలిసి వాళ్ళ జీతాలకి పోతాయి. నాలుగేళ్ళు తిరక్కుండా ఊరి బయటి చెత్తదిబ్బ పార్కయింది. 2019 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్ తర్వాత రెండో స్థానం అంబికాపూర్‌దే.

అదే ఏడాది అక్కడ గార్బేజ్ కేఫ్ తెరిచారు. కిలో ప్లాస్టిక్ తెస్తే భోజనం, అరకిలో తెస్తే టిఫిను. దేశవిదేశాల పత్రికలు దాని గురించే రాశాయి. ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టే ఏ పనైనా నాకు గౌరవమే. అయినా ఆ ఊరిని శుభ్రం చేసింది కేఫ్ కాదు. రోజూ తెల్లవారకముందే రిక్షా తొక్కుకుంటూ బయల్దేరే ఆ ఆడవాళ్ళు చేశారు. వాళ్ళని స్వచ్ఛతా దీదీలంటారు. 2017 నుంచి ఈ పద్ధతిని మిషన్ క్లీన్ సిటీ పేరుతో రాష్ట్రంలోని మిగతా పట్టణాలకి విస్తరించారు, వేలమంది ఇందులో పనిచేస్తున్నారు. వాళ్ళకిచ్చేదాన్ని జీతం అనకుండా గౌరవ వేతనం అనడం నాకు నచ్చదు. దాన్ని పెంచమని వాళ్ళు రోడ్డెక్కాల్సి రావడం ఇంకా నచ్చదు. ఊరికి బహుమతి తెచ్చిన చేతులకి కనీస వేతనమైనా కట్టాలి.

అంబికాపూర్ ఇళ్ళవాళ్ళు రాయ్‌పూర్ ఇళ్ళవాళ్ళకన్నా పుట్టుకతో మంచివాళ్ళా? కాదు కదా. తడి చెత్తలో ప్లాస్టిక్ కలిపితే గుమ్మం ముందు నిలబడి, 'దీదీ, ఇది వేరు చేసి ఇవ్వండి' అని అడిగే మనిషి రోజూ వస్తుంది. రేపూ ఆమే వస్తుంది, ఆమె మొహం గుర్తుంటుంది. అలవాటు అలా పడుతుంది. గోడ మీద నినాదం రాస్తే పడదు. ఒకప్పుడు మన సూర్యాపేట, బొబ్బిలి పేర్లు ఇదే విషయంలో దేశమంతా వినిపించాయి. అక్కడా గుమ్మం దాకా వచ్చి తీసుకెళ్ళే ఏర్పాటే ముందు, జనం తీరు మారడం తర్వాత.

చిన్న ఊళ్ళో కుదిరింది పది లక్షల నగరంలో కుదరదంటారు. పుణెలో 30 లక్షల పైన జనం. చెత్త ఏరుకునేవాళ్ళ సహకార సంఘం 'స్వచ్ఛ్'తో 2008లో అక్కడి కార్పొరేషన్ ఒప్పందం చేసుకుంది. మూడు వేల మందికి పైగా సభ్యులు ఇల్లిల్లూ తిరుగుతున్నారు. రాయ్‌పూర్‌లో 70 వార్డులున్నాయి. ఒక్కో వార్డుని ఒక చిన్న ఊరనుకుంటే లెక్క సరిపోతుంది. నగరం పెద్దదవడం అడ్డంకి కాదు. చెత్తని టన్నుల లెక్కన బరువు తూచి డబ్బిచ్చే గుత్త ఒప్పందాలు అడ్డంకి. బరువుకి డబ్బిచ్చే చోట చెత్త తగ్గాలని ఎవరు కోరుకుంటారు?

సర్కారు పథకంగానే మిగిలిపోయినదానికి ఏం గతి పడుతుందో కూడా ఛత్తీస్‌గఢ్ చూసింది. 2020 జులై 20న, హరేలీ పండగ రోజు, కిలో రెండు రూపాయలకి పేడ కొనే పథకం మొదలైంది. మహిళా సంఘాలు దాన్ని వానపాముల ఎరువుగా మార్చాయి, పశువుల వాళ్ళకి చేతిలో నాలుగు డబ్బులాడాయి. 2023 చివర్లో ప్రభుత్వం మారాక అది అటకెక్కింది. 2022 కృష్ణాష్టమికి పట్టణాల్లో కృష్ణ కుంజ్‌ల పేరుతో రావి, మర్రి, వేప, కదంబం నాటారు; ఆ మొక్కలకైనా పార్టీ రంగు అంటకుండా ఉండాలని కోరుకుంటున్నాను. నాటిన ప్రభుత్వం పోయినా నీళ్ళు పోసే చేయి ఉండాలంటే, ఆ చేయి పేటవాళ్ళదై ఉండాలి.

కాబట్టి రాయ్‌పూర్ నగర పాలక సంస్థ చేయాల్సింది చాలా ఉంది, జనానికి హితబోధ చేయడం అందులో లేదు. ప్రతి చెరువుకీ దాన్ని వాడుకునేవాళ్ళ సంఘం ఉండాలి: స్నానానికి వచ్చేవాళ్ళు, జాలర్లు, సింఘాడా వేసేవాళ్ళు, గట్టు మీది గుడివాళ్ళు, బస్తీ ఆడవాళ్ళు. ఆ చెరువు మీద ఖర్చు పెట్టే ఏ టెండరైనా వాళ్ళ సంతకం లేకుండా చెల్లకూడదు. చేపల లీజు డబ్బులో సగం ఆ చెరువు మరమ్మతుకే రావాలి. మూడు పక్కలా మెట్లూ నడకదారీ కట్టుకోండి. నాలుగో పక్క మట్టి గట్టు, తుంగ, రెల్లు అలాగే ఉండనివ్వండి. వార్డుకి రెండు చెత్త షెడ్లు, వాటిలో ఆడవాళ్ళకి నెల జీతం, పీఎఫ్. సిల్తరా, ఉర్లా చిమ్నీల కొలతలు రాత్రి లెక్కలతో సహా పేటల్లో కనిపించేలా పెట్టండి.

ఇక బూఢా తాలాబ్‌తో మొదలుపెట్టి ప్రతి చెరువు గట్టు మీదా, ఆ ఊరి జనం చదివే హిందీలో, ఛత్తీస్‌గఢీలో, ఒక బోర్డు రాయించండి. ఈ చెరువులో ఎన్ని మురుగు కాలువలు కలుస్తున్నాయి, ఏ కాలువని ఏ తేదీకి మళ్ళిస్తారు, దానికెంత డబ్బు విడుదలైంది, దీపాలకెంత ఖర్చయింది.